సంపాదకుని మాట: రాతిచీలికలోని మయూరశిఖ

తెలుగు కన్నడములు కలిసి వినబడు పావగడ తాలూకాలో, మంగళవాడ పరిసరములందలి కరకురాతి గుట్టలను దూరమునుండి చూచిన పాంథుడు, తొలకరి పడనంతకాలము, వానియందు జీవమున్నదని నమ్మజాలడు. అయినను ఇట్టి శుష్కసీమలలో, నిట్టనిలువు బండల సందులందు, పిడికెడు మన్నైనను లేనిచోట వేరూని బ్రదుకగల చిన్న ఫెర్ను మయూరశిఖ. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని ఆక్టినియాప్టెరిస్ రేడియేటా యందురు.

దీనిని గుర్తించుట కష్టము కాదు. సాధారణముగా జానెడు మించని ఈ మొక్కలో, సన్నని కాడ చివర విసనకఱ్ఱవలె విచ్చుకొని, రెండేసి పాయలుగా మరల మరల చీలిన ఆకు, తాటిచెట్టును సూక్ష్మరూపమున తలపించును. పూవు, కాయ, విత్తు దీనికి లేవు. పాయల అంచులు క్రిందికి మడతపడి, తమ చాటున సిద్ధబీజములను దాచుకొనును. ఆకు వెనుక వెండివంటి తెల్లని పొడి కనబడినచో అది వేఱొక ఫెర్ను. వేసవిలో ముడుచుకొని మృతప్రాయమై, వాన తడి సోకినంతనే తిరిగి పచ్చబడుట దీని మహత్త్వము.

బండను పగులగొట్టినచో ఈ నివాసము మరల సమకూరదు. కావున పాఠకమహాశయులు దీనిని కన్నులార చూచి, లక్షణములను వ్రాసికొని, వేరును మాత్రము రాతికే విడిచిపెట్టవలెనని మా ప్రార్థన.