జిల్లేడుకు చోటెక్కడ?

పాడుపడిన ఇంటిని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు ‘జిల్లేళ్లు మొలిచినవి’ అనటం తెలుగువారి అలవాటు. ఆ ఒక్క మాటతో ఆ ఇంటి చరిత్ర అంతా తెలిసిపోతుంది. రథసప్తమినాడు తలమీదా భుజాలమీదా జిల్లేడాకులు పెట్టుకొని స్నానం చేసేవారు కూడా మరునాటినుండి ఆ మొక్కను తమ పెరటిలో సహించరు. పూజకోసం తెల్లజిల్లేడును వెదుక్కుంటూ పోవటం, వీధిలో మొలిచిన జిల్లేడును వేరుతో పెళ్లగించటం ఒక్కరే చేసే పనులు. అందులో ఎవరికీ వింత కనిపించదు. ఈ విషయంలో పంచాయతీలు, మునిసిపాలిటీలు, రోడ్ల శాఖవారు, బడుల పెద్దలు గూడ లోకంతోపాటే నడుస్తున్నారు. ప్రభుత్వపు నేల శుభ్రపడినదనటానికి మొదటి గుర్తు దానిమీద జిల్లేడు లేకపోవటమే.

అటువంటి మొక్క దగ్గర ఒక గంటసేపు నిలిచి చూచిన విద్యార్థికి రెండు ప్రాణులు తప్పక కనిపిస్తవి. ఒకటి నల్లని పెద్ద తుమ్మెద. జిల్లేడుపువ్వులో పుప్పొడి పొడిగా ఉండదు, చిన్న చిన్న ముద్దలుగా ఉంటుంది. ఆ ముద్దను కాలికి తగిలించుకొని మరొక పువ్వుకు చేర్చటానికి బలమైన పురుగు కావాలి. ఈగకో, చిన్న తేనెటీగకో సాధ్యమయ్యే పని కాదు. కనుక జిల్లేడు వంశం నిలవటానికి తుమ్మెద ముఖ్యమైన ఆధారం. రెండవది నల్ల అంచులు, తెల్ల చుక్కలు గల కాషాయరంగు రెక్కల సీతాకోకచిలుక. అది గ్రుడ్లు పెట్టటానికి జిల్లేడును, దాని జాతి మొక్కలను వెదుకుతుంది. పిల్ల పురుగు ఆ ఆకులనే తిని, ఆకుపాలలోని విషాన్ని తన ఒంటిలో దాచుకొని, పక్షుల నోటినుండి తప్పించుకొంటుంది. కవులు తుమ్మెదను తామరపువ్వు దగ్గర నిలిపారు గాని ఎండకు మాడిన రోడ్డుప్రక్క జిల్లేటి మీదనే అది ఎక్కువగా కనిపించటం ఒక ముచ్చట. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పేర్కొన్న పదాలలో తుమ్మెదపదాలు ఉన్నవి. పాటలో అంత పాత చుట్టమైన ప్రాణికి నేలమీద చోటు తగ్గిపోతున్నది.

ఈ సంగతి సముద్రాల ఆవల ఒక ప్రభుత్వానికి పెద్ద సమస్య అయినది. తెలుగునాటి ఆ కాషాయపు సీతాకోకచిలుకకు అమెరికాలో ఒక దగ్గరి బంధువు ఉన్నది. దాని పేరు మోనార్క్. దాని పిల్లపురుగు తినే మొక్క కూడా జిల్లేడు కుటుంబానిదే. ఆ మొక్కకు అక్కడివారు పెట్టిన పేరుకు పాలకలుపు అని అర్థం, అంటే పుట్టుకలోనే నింద మోసిన మొక్క. వెనుక అది మధ్య అమెరికా పొలాలలో మొక్కజొన్నల నడుమ కూడా బ్రతికేది. కలుపుమందును తట్టుకొనే సోయా, మొక్కజొన్న వంగడాలు 1990ల చివరనుండి వ్యాపించినవి. రైతు మందు చల్లితే పంట నిలిచినది, పాలకలుపు మాడినది. దానికి మిగిలినది పొలం గట్టు, రైలుకట్ట, రోడ్డుప్రక్క నేల.

మోనార్క్ శీతకాలానికి వేల మైళ్లు ఎగిరి మెక్సికో కొండలలోని అడవికి చేరుతుంది. అక్కడ చెట్లకు గుత్తులుగా వ్రేలాడే ఆ సీతాకోకచిలుకలను ఒక్కొక్కటిగా లెక్కించటం ఎవరికీ సాధ్యం కాదు గనుక అవి కప్పిన అడవి విస్తీర్ణాన్ని కొలుస్తారు. 1996–97లో అది 18 హెక్టార్లకు పైగా ఉండేది. 2013–14 శీతకాలానికి 0.67 హెక్టారుకు పడిపోయినది.

2014 జూన్ 20న అధ్యక్షుడు బరాక్ ఒబామా ప్రభుత్వ శాఖలన్నిటికీ ఒక ఉత్తరువు పంపాడు. తేనెటీగలు, సీతాకోకచిలుకలు మొదలైన పరాగసంపర్క జీవుల రక్షణకు కలిసి ఒక ప్రణాళిక తయారుచేయవలెనని, ప్రభుత్వ భూములలో వాటికి ఆహారమూ నివాసమూ పెంచవలెనని దాని సారాంశం. 2015 మే నెలలో వెలువడిన ప్రణాళికలో మూడు లక్ష్యాలు ఉన్నవి: పదేండ్లలో శీతకాలపు తేనెటీగల నష్టాన్ని నూటికి 15కు మించకుండా చేయటం, 2020 నాటికి మెక్సికోలో మోనార్కులు 6 హెక్టార్లు కప్పేటట్లు చూడటం, ఐదేండ్లలో 70 లక్షల ఎకరాలను ఈ జీవులకు అనువుగా మార్చటం. అదే సంవత్సరం డిసెంబరులో చేసిన రహదారుల శాసనం, రోడ్డు ప్రక్కల గడ్డికోత తగ్గించి స్థానికమైన పూలమొక్కలు పెంచటాన్ని ప్రోత్సహించినది. 2016లో టెక్సస్ నుండి మినెసోటా వరకు ఆరు రాష్ట్రాల రోడ్డు శాఖలు, తమ మీదుగా పోయే సుమారు 1,500 మైళ్ల పెద్దబాటను సీతాకోకచిలుకలకు దారిగా కాపాడటానికి ఒడంబడిక చేసుకున్నవి.

ఇంత చేసిన ఫలితం ఏమిటని అడిగేవారికి అంకెలు ఓదార్పు ఇవ్వవు. 2018–19లో మోనార్కులు 6.05 హెక్టార్లు కప్పినవి. లక్ష్యం రెండేండ్లు ముందే నెరవేరినదని సంతోషించినవారికి మరుసటి శీతకాలంలో 2.83 హెక్టార్లే కనిపించినవి. 2023–24లో అది 0.90, 2024–25లో 1.79. 2024 డిసెంబరులో మోనార్క్‌ను ముప్పుకు గురైన జీవుల పట్టికలో చేర్చవలెనని అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించినది. తేనెటీగల లక్ష్యానికీ ఇదే గతి పట్టినది: 2024–25 శీతకాలంలో వ్యాపారానికి తేనెటీగలను పెంచేవారు సగానికి మించి పెట్టెలు పోగొట్టుకున్నారు.

అంతమాత్రాన ఆ ప్రణాళిక వట్టి కాగితమని తీర్పు చెప్పటం తొందరపాటు. కరువులు, కీటకనాశక మందులు, మెక్సికోలో చెట్ల నరికివేత ఒక అధ్యక్షుని ఉత్తరువుకు లొంగేవి కావు. ఉత్తరువుకు లొంగేది ఒక్కటే: ప్రభుత్వపు కూలివాడు ప్రభుత్వపు నేలమీద ఏ నెలలో కత్తి పట్టవలె, ఏ నెలలో పట్టరాదు అనేది. అయొవా రాష్ట్రంలో జూలై 15 దాటేవరకు రోడ్డుప్రక్క గడ్డి కోయరాదని శాసనమున్నది. మలుపులలో వాహనం నడిపేవాని చూపుకు అడ్డమైనచోట, ఇండ్ల సమీపాన, మరికొన్ని సందర్భాలలో మినహాయింపు ఇచ్చారు. నేలమీద గూళ్లు కట్టే పక్షులు పిల్లలను లేపుకొనేందుకు అది తోడ్పడుతుంది. ఆ గడువు పూలకూ, పూలమీద బ్రతికేవాటికీ గూడ ఉపకరిస్తున్నది. ఖర్చు పెరగకుండా, పైగా కోతకూలి మిగిలేటట్లు, ఒక తేదీతో సాధించిన మేలు ఇది. లక్షల ఎకరాల లెక్కలకంటె ఈ ఒక్క తేదీలో ఎక్కువ వివేకం ఉన్నది.

పై లక్ష్యాలలో మొదటిది తేనెటీగలను గురించినది కావటం ఆలోచించదగినది. అమెరికాలో పెట్టెలలో పెంచే తేనెటీగ ఆ దేశపుది కాదు. ఐరోపా నుండి వలసవచ్చినవారు ఓడలలో తెచ్చుకున్నది. అది పాడిగేదె వంటి పెంపుడుప్రాణి. దాని ఆరోగ్యం కోరటం మంచిదేగాని, దానితో అడవి తుమ్మెదకు న్యాయం జరిగినట్లు కాదు. భారతదేశంలోనూ ఈ పొరపాటే వేళ్లు పాతుకొంటున్నది. ఇక్కడ పెట్టెలలో ఎక్కువగా పెరుగుతున్న ఐరోపా తేనెటీగ 1962లో కాంగ్రా ప్రాంతంలోని నగ్రోటాలో స్థిరపడినది. ఖాదీ గ్రామోద్యోగ సంఘం 2017 నుండి తేనెటీగల పెట్టెలు పంచుతూ వచ్చినది. 2020లో కేంద్రప్రభుత్వం తేనె, తేనెటీగల పెంపకపు జాతీయ పథకానికి 500 కోట్ల రూపాయలు ప్రకటించినది. రైతుకు రాబడి, పొద్దుతిరుగుడు వంటి పంటకు దిగుబడి ఇందువల్ల పెరిగితే సంతోషించని వారెవరు? అయితే ఇవి తేనె పరిశ్రమకు చేసిన సహాయాలు. పరాగసంపర్క జీవుల రక్షణ అని వీటిని పిలవటం, కోళ్ల ఫారం పెట్టి పక్షులను కాపాడినామనటం వంటిది.

ఈ భేదం తెలియటానికి వంగపువ్వు ఒక్కటి చాలు. బడిపిల్లలు దానిని విప్పి చూడవచ్చు. అందులో పుప్పొడి తిత్తులు పసుపుపచ్చని గొట్టాలవలె ఉంటవి. కొసన మాత్రమే సన్నని రంధ్రం ఉంటుంది. పువ్వును గట్టిగా పట్టుకొని, ఝుమ్మని వణికిస్తే గాని పుప్పొడి బాగా రాలదు. పెట్టెలోని తేనెటీగకు ఆ విద్య రాదు. తుమ్మెదకు వచ్చు; పొట్టమీద నీలపు పట్టీలు గల ఒక చిన్న ఒంటరి తేనెటీగకు వచ్చు. తుమ్మెద ఎండిన కొమ్మలో, వెదురుబొంగులో, పాత దూలంలో తొలుచుకొని ఉంటుంది. నీలిపట్టీల తేనెటీగ మట్టిగోడలో, గట్టినేలలో బొరియ చేసుకొంటుంది. ఈ రెండింటికీ ఏ ప్రభుత్వమూ పెట్టెలు పంచలేదు. పంచినా అవి అందులో చేరవు. వాటికి కావలసినది కాస్త ఎండుకట్టె, కాస్త వట్టినేల, ఏడాది పొడవునా ఏదో ఒక పువ్వు. ప్రపంచంలో ముఖ్యమైన ఆహారపు పంటలలో నూటికి 75కు పైగా కొంతవరకైనా ఇటువంటి జీవులవల్ల లాభం పొందుతున్నవని ఐక్యరాజ్యసమితి ఆశ్రయంలో ఏర్పడిన శాస్త్రజ్ఞుల సంఘం 2016లో తేల్చినది. 2024లో యూరోపియన్ యూనియన్ చేసిన శాసనం 2030 నాటికి ఈ జీవుల క్షీణతను వెనుకకు మళ్లించవలెనని సభ్యరాజ్యాలకు విధించినది.

తెలుగునాట ప్రభుత్వపు నేలకు కొదువ లేదు. చెరువుగట్లు, రోడ్డు మార్జిన్లు, పోరంబోకులు, శ్మశానాలు, బడుల ఆవరణలు ఊరూరా ఉన్నవి. 2015లో కేంద్రం రహదారుల పచ్చదనానికి ఒక విధానం ప్రకటించినది. అదే ఏడాది తెలంగాణలో హరితహారం మొదలైనది. రెండింటి ఉద్దేశమూ మంచిదే. కాని వాటి లెక్క నాటిన మొక్కల లెక్క. తీసివేసిన పొదల లెక్క ఏ పుస్తకంలోనూ ఎక్కదు. గడ్డిచేమంతి, తుమ్మి, ఉత్తరేణి, జిల్లేడు ఉన్న గట్టును చదునుచేసి, ఒకే రకం అలంకారపు మొక్కను వరుసగా నాటితే పచ్చదనం పెరిగినట్లే కనిపిస్తుంది. ఊరి నడుమ మిగిలిన వట్టినేలకు సిమెంటు పలకలు పరిస్తే నేలలో గూడు చేసుకొనే తేనెటీగకు తలుపు మూసినట్లే. నీళ్లట్యాంకుకు పట్టిన పెద్ద తేనెపట్టును రాత్రివేళ మంటతో కాల్చటం ఇంకా చాలాచోట్ల మామూలు పనిగానే జరుగుతున్నది. హైదరాబాదు–బీజాపూరు బాటలో చేవెళ్ల దగ్గరి సుమారు తొమ్మిదివందల మర్రిచెట్ల వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయినది. మహావృక్షాల కోసం వాదించే పౌరులు దొరికారు. వాటి క్రింది పొదల తరపున ఇంతవరకు ఎవరూ నోరు విప్పినట్లు లేదు.

బడి ఆవరణలో పొదలు ఉంటే పాములు చేరవా అని ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పిల్లలు తిరిగేచోట, ఆటస్థలంలో, తరగతిగదుల అంచున పొదలు ఉండరాదు. జిల్లేడుపాలు కంటిలో పడితే ప్రమాదం. మొగ్గలు టప్పున చిదిమే చిన్నపిల్లలకు ఆ సంగతి ముందే చెప్పవలె. అయొవా శాసనంలో మినహాయింపులు పెట్టినది ఇటువంటి ఇబ్బందుల కోసమే. ప్రహరీగోడ మూలలో నాలుగు గజాల నేల, ఊరి వెలుపలి గట్టున ఒక వరుస, ఒకేమారు అంతా కొట్టక సగం ఇప్పుడు సగం గింజ రాలిన తరువాత కొట్టటం – అడిగేది ఇంతమాత్రమే. దోమలకు కారణం నిలిచిన నీరు. జిల్లేడు పెరిగే నేలలో నీరు నిలవదు.

ఇందుకు క్రొత్త శాసనమేదీ అక్కరలేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానికసంస్థకూ ఒక జీవవైవిధ్య కమిటీ ఉండవలె. ఊరిలోని మొక్కలను, జీవులను, వాటిని గురించి ఊరివారికి ఉన్న తెలివిని ఒక రిజిస్టరులో వ్రాయించవలె. జిల్లేడును గురించి వ్రాయవలసినచోట ‘పూజకు, మందుకు’ అని మాత్రమే వ్రాసి ఊరుకొంటే ఆ రిజిస్టరు బీరువాలో మూలుగుతుంది. ఏ నెలలో పూచినది, ఏ పురుగు వచ్చినది, ఆ నేలను ఎప్పుడు కొట్టించారు అనే మూడు వివరాలు చేర్చగలిగితే అది పంచాయతీ తీర్మానానికి ఆధారం కాగలదు. ఆ మూడూ చూచి వ్రాయగల ఓపిక, తీరిక, కన్ను ఏడవ తరగతి పిల్లలకు ఉన్నంతగా ఏ శాఖ ఉద్యోగులకూ ఉండవు.

వానలు పడిన తరువాత, పంద్రాగస్టు పండుగకు ముందు, బడులలో శుభ్రం చేసే పని జరుగుతుంది. కొడవలి పట్టించేముందు జిల్లేడాకుల అడుగున చూచి రమ్మని పిల్లలను పంపవచ్చు. నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగు కనిపించిన మొక్కకు ఒక నెల గడువు ఇస్తే సరిపోతుంది. గ్రుడ్డు సీతాకోకచిలుక కావటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది.