ఏటి మీద వేలాడే రైలు

జర్మనీ అనగానే కొండ మీద కోట, కిటికీల నిండా పూలకుండీలు ఉన్న క్యాలెండర్ బొమ్మ గుర్తొస్తుంది కదండీ! మా అబ్బాయి చదువుకుంటున్న వుప్పర్టాల్ అలాంటి ఊరు కాదు. డ్యూసెల్డార్ఫ్‌కి తూర్పున, రైల్లో అరగంట ప్రయాణం. జనాభా మూడున్నర లక్షల పైచిలుకు. ఎటు చూసినా ఎగుడుదిగుడు వీధులు, మెట్లు, పాత ఇటుక మిల్లులు. "అక్కడ చూడ్డానికేం లేదమ్మా, నిన్ను పారిస్ తీసుకెళ్తా" అన్నాడు వాడు. పారిస్ కూడా చూశాను. కానీ ఇంటికొచ్చాక నలుగురికీ చెప్పాలనిపించింది మాత్రం ఈ ఊరి గురించే.

వుప్పర్ ఒక చిన్న ఏరు. దాని నీళ్ళలో సున్నం తక్కువ. అందులో గొప్పేముంది అనకండి. బోరు నీళ్ళలో సబ్బు నురగ రాక, తెల్లచీర పచ్చబడిపోతే విసుక్కునే మనకి ఆ మాట విలువ తెలుసు. ఆ మంచినీళ్ళు ఉండబట్టే ఎల్బర్‌ఫెల్డ్, బార్మెన్ అనే రెండు ఊళ్ళకి 1527లో అక్కడి పాలకుడు నూలు చలువ చేసుకునే ప్రత్యేక హక్కు ఇచ్చాడు. చలువ వెనకే నేత, నేత వెనకే అద్దకం వచ్చాయి. రిబ్బన్లు, లేసులు, నాడాలు, బట్టల అంచులు – బార్మెన్ సరుకంటే ఇవే. ఆ రెండు ఊళ్ళూ, చుట్టుపక్కలవీ 1929లో ఒకే నగరంగా కలిశాయి. మరుసటి ఏడు వుప్పర్టాల్ అని పేరు పెట్టారు. వుప్పర్ లోయ అని అర్థం.

మార్క్స్ స్నేహితుడు ఎంగెల్స్ పుట్టింది బార్మెన్‌లోనే, 1820లో, ఓ మిల్లు యజమాని ఇంట్లో. ఇంకా పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళ కుర్రాడిగా 1839లో తన ఊరి గురించి పత్రికకి రాశాడు. ఏరు ఎర్రగా పారుతోందనీ, అదంతా అద్దకపు కార్ఖానాల రంగేననీ, పిల్లలు బడికి పోకుండా మిల్లుల్లో పెరుగుతున్నారనీ. తన పేరు పెట్టకుండా రాశాడు లెండి, ఇంట్లో తండ్రి ఉన్నాడుగా!

ఎరుపు అనగానే నాకు మా పుట్టిల్లు బందరు గుర్తొచ్చింది. మన కలంకారీ ఎరుపు ఒకప్పుడు చిరివేరు నుంచి తీసేవారు. 1868లో బెర్లిన్‌లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ ఎరుపునిచ్చే అలిజరిన్‌ని కృత్రిమంగా చేసే దారి కనిపెట్టారు. 1863లో బార్మెన్‌లో రంగుల వ్యాపారంగా మొదలైన బేయర్ కంపెనీ కూడా అది తయారుచేసింది. జర్మనీ రంగు మన దేశానికి దిగుమతయ్యాక చిరివేరు తవ్వేవాళ్ళ పని పోయింది. ఇవాళ పెడనలో బట్టకి పటిక అద్ది ఉడకబెట్టేది అలిజరిన్‌లోనే. తలనొప్పికి మనం వేసుకునే ఆస్పిరిన్ కూడా 1897లో బేయర్ వాళ్ళ ఎల్బర్‌ఫెల్డ్ ప్రయోగశాలలోనే తయారైంది.

ఇక రైలు సంగతి. లోయ ఇరుకు, నేల మీద పట్టాలకి చోటు లేదు. అందుకని ఏటికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఇనుప కాళ్ళు నిలబెట్టి, పైన పట్టా వేసి, పెట్టెల్ని కిందికి వేలాడదీశారు. 1901లో మొదలైంది, ఇప్పటికీ జనం రోజూ ఆఫీసులకి, బడులకి దాంట్లోనే వెళ్తారు. 13.3 కిలోమీటర్లు, 20 స్టేషన్లు. మలుపుల్లో పెట్టె ఉయ్యాల్లా ఒరుగుతుంది, మొదటిసారి నేను కొంగు బిగించి కడ్డీ పట్టుకున్నాను. 1950లో ఓ సర్కస్ వాళ్ళు ప్రచారం కోసం టఫీ అనే ఏనుగు పిల్లని ఇందులో ఎక్కించారట. అది బెదిరి, పెట్టె గోడ చీల్చుకుని ఏట్లోకి దూకేసింది. చిన్న గాయాలతో బతికింది! 1999లో జరిగింది మాత్రం నవ్వుకునేది కాదు. మరమ్మతు చేసినవాళ్ళు పట్టా మీద బిగించిన ఇనుప ముక్క ఒకటి తియ్యకుండా వెళ్ళిపోయారు. తెల్లవారి మొదటి రైలు దానికి తగిలి ఏట్లో పడింది. ఐదుగురు పోయారు.

మా వాడి ఇంటి యజమానురాలికి ఎనభై దాటాయి. వయసులో ఉన్నప్పుడు రిబ్బను మిల్లులో పనిచేసిందట. చిన్నప్పుడు ఏటి రంగు చూసి ఆ పూట ఏం అద్దుతున్నారో చెప్పేవాళ్ళట పిల్లలు. "ఇప్పుడు నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, చేపలొచ్చాయి, కొంగలొచ్చాయి. మిల్లు మూసేశాక నాకు మాత్రం పని రాలేదు" అంది. మా వాడు తెలుగులో చెప్పేలోపే ఆవిడ ముఖం చూసి నాకు అర్థమైంది. చిరివేరు మానేసిన మా ఊరి ముసలమ్మలకీ ఎవరైనా ఈ మాట అడిగారో లేదో!

అన్నట్టు, ఆ ఊరివాళ్ళు పాతదాన్ని ఊరికే పారేసే రకం కాదు. 1991లో మూతపడ్డ రైలు మార్గం ఒకటుంది. ఊరివాళ్ళే సంఘం పెట్టుకుని, చందాలు పోగుచేసి, ప్రభుత్వాన్ని వెంటపడి, దాన్ని నడకదారిగా, సైకిల్ దారిగా మార్పించారు. 2014 చివరికి దాదాపు మొత్తం తెరిచారు. ఇరవై కిలోమీటర్లు దాటి ఉంటుంది. సొరంగాల్లోంచి, ఎత్తైన వంతెనల మీంచి తల్లులు పిల్లల బళ్ళు తోసుకుంటూ వెళ్తుంటే కడుపు నిండిపోయింది. కొండల ఊళ్ళో అంత చదునైన దారి దొరకడమే భాగ్యం. వెళ్ళేవాళ్ళు చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. స్వెటరు ఎండాకాలమైనా సంచిలో ఉండాలి.

ఓ ఆదివారం ఆవిడ మమ్మల్ని కాఫీకి పిలిచింది. కాఫీ అంటే కాఫీ ఒక్కటే కాదండోయ్. ఎండుద్రాక్ష రొట్టె, వెన్న, తేనె, వేడి చెర్రీలు పోసిన వాఫిల్స్, నల్లరొట్టె, మధ్యలో తగరపు కాఫీకూజా. దానికి కింద కొళాయి ఉంటుంది. కాఫీ మడ్డి అడ్డుపడి చుక్క చుక్కే కారుతుందని దానికి 'కారే మిన్నా' అన్నట్టుగా ఆడపేరు పెట్టారు! అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది వాళ్ళ పాలన్నం. కప్పు పొట్టి బియ్యానికి ఐదు కప్పుల చిక్కటి పాలు, చిటికెడు ఉప్పు వేసి, సన్నటి సెగ మీద అడుగంటకుండా అరగంట పైన కలుపుతూ ఉడికించాలి. రెండు చెంచాల పంచదార దించేముందు వెయ్యాలి. యాలకుల పొడి లేదు, జీడిపప్పు లేదు. తినేటప్పుడు పైన దాల్చినచెక్క పొడి కలిపిన పంచదార చల్లుకుంటారు, కొందరు రొట్టె మీద కూడా రాసుకుంటారు. నేను వండిన పరమాన్నం మరునాడు ఆవిడకి పంపాను. గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది, యాలకులు ఎక్కడ దొరుకుతాయని చీటీతో.