ఆంగ్లమున తారతమ్యమునకు బలము చేకూర్చు పదములు

మన విద్యార్థులకు ఆంగ్ల వ్యాకరణమును బోధించు పుస్తకములు తారతమ్య ప్రకరణమును సాధారణముగా ఒక పట్టికతో ఆరంభించి, దానితోడనే ముగించుచున్నవి. గుడ్, బెటర్, బెస్ట్ అను రూపములు కంఠస్థమైనచో ప్రకరణము ముగిసినట్లే. ఆ రూపములకు బలమిచ్చు మచ్, ఫార్, ఈవెన్, స్టిల్ అను చిన్న పదములకు దక్కునది ఒక్క నిషేధము: బెటర్‌కు ముందు వెరీ వాడరాదు, మచ్ వాడవలెను. ఇది సత్యమే కాని చాలదు.

ముందుగా ఆ దోషమునకు మూలమును చూడవలెను. తెలుగున విశేషణము తారతమ్యమునకై రూపము మార్చుకొనదు. ‘ఇది మంచిది’, ‘దానికంటె ఇది మంచిది’ అను రెండుచోట్లను ‘మంచిది’ ఒక్కటియే. భారమంతయు చిన్నయసూరి పంచమీ విభక్తిలో చేర్చిన ‘కంటె’ వహించును. కావుననే ‘చాల’ రెండింటను చెల్లును. హిందీయందు ‘బహుత్’ సైతము ఇట్లే. ఆంగ్లమున విశేషణరూపముతోపాటు బలమిచ్చు పదమును మారును. ‘వెరీ బెటర్’ అను విద్యార్థి అశ్రద్ధాళువు కాడు; తన భాషా వ్యవస్థను అనుసరించినవాడు.

అంతకంటె ముఖ్యమైనది అర్థభేదము. మచ్, ఫార్ అనునవి అంతరముయొక్క పరిమాణమును మాత్రమే తెలుపును. ఈవెన్, స్టిల్ అనునవి పోల్చబడిన మొదటి వస్తువునందును ఆ గుణము కలదని సూచించును. రెండవ సాక్ష్యము మొదటిదానికంటె ‘మచ్ వీకర్’ అన్నచో మొదటిది బలమైనదైనను కావచ్చును. ‘ఈవెన్ వీకర్’ అన్నచో రెండును బలహీనములే. దీనిని ‘చాల బలహీనము’ అని అనువదించినవాడు తీర్పునే మార్చినవాడగును. మనకు సాధనములు లేకపోలేదు. తెలుగున ‘మొదటిదానికంటె కూడ’ అనియు, హిందీయందు ‘ఉస్ సే భీ’ అనియు అందుము. ఆంగ్లమున ఈవెన్ విశేషణమును ఆశ్రయించుచుండగా మన భాషలందు ఆ బలము పోల్చబడిన వస్తువును ఆశ్రయించుచున్నది. ఈ స్థానభేదమును చూపిన పాఠ్యపుస్తకము అరుదు.

‘మోర్ బెటర్’ అను ద్విరుక్త తారతమ్యము విషయమునను మనము ఆంగ్ల వైయాకరణుల నిషేధమును తర్కసిద్ధమని భ్రమించుచున్నాము. షేక్స్పియర్ కాలమున అట్టి ప్రయోగములు రచనలందు కలవు. 1762లో వ్యాకరణము ప్రకటించిన రాబర్ట్ లౌత్ వంటివారు వానిని అసాధువులనిరి. శిష్టభాష ఆ మార్గమునే అనుసరించినది. సంస్కృతమున ఇష్ఠన్ ప్రత్యయాంతమైన ‘శ్రేష్ఠ’ శబ్దముపై మరల తమప్ చేరి ‘శ్రేష్ఠతమ’ మగుట వేదభాషనుండియు కలదు. కావున ఇది తర్కమునకు సంబంధించినది కాదు. ఆయా భాషల సంప్రదాయమునకు సంబంధించినది. ‘మోర్ బెటర్’ నేటి శిష్టాంగ్లమున వాడరాదని చెప్పుదము. బుద్ధిహీనమని మాత్రము చెప్పకుందము.

నా అభిప్రాయము స్పష్టము. ఈ ప్రకరణమును పట్టికతో కాక వాక్యద్వయములతో ఆరంభింపవలెను: ఒకదానియందు మచ్, మరియొకదానియందు ఈవెన్ ఉండవలెను. ఆ రెండింటికిని విద్యార్థి తన మాతృభాషలో వేర్వేరు వాక్యములు చెప్పగలిగిన నాడే అతనికి ఆంగ్లము తెలిసినదనవలెను. అట్లు చెప్పించుటకు ఆంగ్లోపాధ్యాయునికి విద్యార్థి భాషయొక్క వ్యాకరణమును కొంత తెలిసియుండవలెను. భారతీయ భాషాశాఖలు ఆంగ్లశాఖలకు చేయదగిన సహాయము ఇచ్చటనే కలదు.