డ్రైవర్ లేని బండి మా వాడకు వస్తుందా?

డ్రైవర్ లేని ట్యాక్సీలొస్తే సొంత కారే అక్కర్లేదంటున్నారు. ఫీనిక్స్‌లో వేమో 2020 నుంచే వాటిని నడుపుతోంది, కంపెనీ గీసుకున్న హద్దుల్లోపల మాత్రమే.

1901లో మసూర్ స్టేషన్‌లో దిగిన బాల అంబేడ్కర్‌కు, కులం తెలిశాక ఎవరూ బండి తోలనన్నారు. చివరికి ఒకడు రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు. పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు. డ్రైవర్ లేని బండి మాకు కొత్తేం కాదు!

యంత్రం కులం అడగదు, నిజమే. హద్దు గీసేవాళ్లకు మాత్రం వాడలు తెలుసు. బిలాస్‌పూర్ స్టేషన్ బయట ఒక ఆటోవాలా మా వాడకు రానంటే ఇంకొకరిని బతిమాలుతాను. యాప్‌ను ఎలా బతిమాలను? అందుకే మావాళ్లు అప్పుచేసైనా సొంత బండి కొంటారు. ఏ వాడనూ వదలకూడదని లైసెన్సులోనే రాయండి, అప్పుడు మమ్మల్ని కారు మానుకోమనండి.