పలకా బలపం: నలుగురూ కూర్చుని ఒక పాఠం



మస్కట్‌లో మన పిల్లలకు శుక్రవారం పూట తెలుగు చెబుతున్న సోదరీమణులు ఈ శీర్షికకు ఒక ప్రశ్న పంపారు. "మేం ఆరుగురం. ఎవరి తరగతి వారిదే. మాలో ఒకరు దేశం వెళ్ళిపోతే, ఆ తరగతి పిల్లలతో కొత్తగా వచ్చినవారు మళ్ళీ అ ఆల నుంచి మొదలుపెడుతున్నారు. పిల్లలకు విసుగు పుట్టి మానేస్తున్నారు. ఏమిటి మార్గం?" అని అడిగారు.

ప్రశ్న చిన్నదే గాని, మన ఇక్కడి బ్రతుకంతా అందులో ఉంది. కాంట్రాక్టు ముగుస్తుంది, లేదా భర్తగారికి మరో ఊరికి బదిలీ అవుతుంది. టీచరమ్మ రెండు పెట్టెలు సర్దుకుని విమానం ఎక్కుతుంది. ఏ పిల్లవాడికి ఏ అక్షరం దగ్గర నాలుక తిరగదో, ఏ కథ చెబితే వెనక బెంచీ కూడా చెవులు రిక్కిస్తుందో ఆమె మూడేళ్ళపాటు నేర్చుకున్నదంతా ఆమెతోనే పోతుంది. సామాను తూకానికి పరిమితి ఉందిగాని, అనుభవానికి లేదు గదా! మొత్తం పట్టుకుపోవచ్చు. ఇక్కడ మిగిలేది ఖాళీ కుర్చీ ఒక్కటే.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. ఒమాన్ దేశం కూడా దీన్ని ఎదుర్కొంది. 1970 జూలైలో సుల్తాన్ కాబూస్ గద్దె ఎక్కేనాటికి దేశం మొత్తానికి సర్కారు బడులు మూడు. మస్కట్‌లో ఒకటి, మత్రాలో ఒకటి, సలాలాలో ఒకటి. చదివేవాళ్ళు సుమారు తొమ్మిది వందలమంది, అందరూ మగపిల్లలే. ఆ తర్వాత పదేళ్ళలో కొండ ఊళ్ళలోనూ, ఎడారి అంచుల్లోనూ బడులు లేచాయి. మొదట్లో కొన్ని గుడారాల్లోనే నడిచాయి. గుడారం వేయడానికి ఒక రోజు చాలు, ఉపాధ్యాయుణ్ణి తయారు చేయడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. అందుకని ఈజిప్టు, జోర్డాన్, సూడాన్ వంటి దేశాలనుంచి ఉపాధ్యాయులను పిలిపించుకున్నారు. వారు వచ్చారు, చెప్పారు, వెళ్ళారు. దేశం అక్షరాస్యమయింది. కాని "మన బడిలో పాఠం ఎలా ఉండాలి?" అని స్థానికంగా కూర్చుని ఆలోచించే ఉపాధ్యాయవర్గం తయారవడానికి ఇంకా కాలం పట్టింది.

1998-99లో ఈ దేశం బేసిక్ ఎడ్యుకేషన్ పేరిట పాఠశాల చదువును సంస్కరించడం మొదలుపెట్టినప్పుడు ఈ సంగతి మీద దృష్టి పడింది. ఎప్పుడో ఒకసారి వచ్చి లోపాలు రాసుకుపోయే ఇన్‌స్పెక్టరు ఒక్కడే చాలడని గ్రహించి, ప్రతి బడిలోనూ ఒక్కో సబ్జెక్టుకు ఒక సీనియర్ టీచరుకు తోటివారికి దారి చూపే బాధ్యత అప్పగించారు. 2014లో ఉపాధ్యాయుల వృత్తి శిక్షణ కోసమే ప్రత్యేక సంస్థ తెరిచారు. అక్కడి శిక్షణ నాలుగు రోజుల ఉపన్యాసాలతో ముగిసేది కాదు. కొంత తరగతి గదిలో, కొంత కంప్యూటర్ ద్వారా, కొంత సొంత బడిలో పని చేస్తూ నెలల తరబడి సాగుతుంది. విన్నదాన్ని బడిలో చేసి చూసి, చేసినదాన్ని నలుగురితో చర్చించాలి. ఆ ఏర్పాటులో అసలు కీలకం అదే.

నలుగురు కలిసి ఆలోచించడం తెలుగువారికి కొత్త విద్య కాదు. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఎ. యేట్స్ దొరకు ఒక సందేహం కలిగింది. జనం మాట్లాడే తెలుగుకూ, బడిలో నేర్పే తెలుగుకూ ఇంత దూరం ఎందుకుంది? ఆ మాట విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగాడు. దీనికి జవాబు చెప్పగలవారు గురజాడ అప్పారావుగారు, గిడుగు రామమూర్తిగారు అని అయ్యంగారు చెప్పారు. ఒకరు తెలుగు చదువుకున్న దొర, ఒకరు ప్రిన్సిపాలు, ఒకరు కవి, ఒకరు పర్లాకిమిడిలో బడిపంతులు. నలుగురి చూపులూ నాలుగు విధాలు. ఆ నలుగురి ఆలోచన కలిసినచోట వ్యావహారిక భాషోద్యమం మొలకెత్తింది. మీరు ఇప్పుడు చదువుతున్న ఈ పేజీలోని తెలుగు దాని ఫలమే. దొర ఆ రోజు ప్రశ్న అడగకుండా సర్క్యులర్ పంపి ఊరుకుని ఉంటే, అది ఏ బీరువాలోనో చెదలు పట్టి ఉండేది.

తరువాతి కాలంలో మన రాష్ట్రంలోనూ ఈ దిశగా ప్రయత్నాలు జరిగాయి. 1964-66 నాటి కొఠారీ కమిషన్, దగ్గర దగ్గర బడులను ఒక స్కూలు కాంప్లెక్సుగా కలపమన్నది. 1984లో బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం కింద ఉపాధ్యాయ కేంద్రాలు వెలిశాయి. చుట్టుపక్కల బడుల పంతుళ్ళు అక్కడ కలుసుకుని, ఒక మాదిరి పాఠం చూసి, చింతగింజలతో, అట్టముక్కలతో బోధన సామగ్రి తయారు చేసుకునేవారు. ఉద్దేశం మంచిది. కాని ఇటువంటి సమావేశాలకు వెళ్ళి వచ్చిన పంతుళ్ళను కదిపి చూడండి. "హాజరు వేశారు, పైనుంచి వచ్చిన కాగితాలు చదివారు, టీ ఇచ్చారు, పంపించారు" అనేవారు తక్కువమంది ఉండరు. నలుగురు ఒకచోట కూర్చున్నంత మాత్రాన ఆలోచన పుట్టదు. పెళ్ళిపందిట్లోనూ నలుగురు కూర్చుంటారు!

కలిసి ఆలోచించడానికి ఒక పద్ధతి కావాలి. ఇందులో ఒక వింత ఉంది, వినండి. అమెరికాలో ఎలెక్స్ ఆస్బార్న్ అనే ప్రకటనల కంపెనీ పెద్దమనిషి, అందరూ గుండ్రంగా కూర్చుని, ఎవరి మాటనూ విమర్శించకుండా, తోచిందల్లా చెప్పేస్తే ఆలోచనలు వరదలా వస్తాయని బోధించాడు. 1953లో అచ్చయిన ఆయన పుస్తకం లోకమంతా తిరిగింది. అయిదేళ్ళ తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో దీన్ని పరీక్షించారు. నలుగురిని కలిపి కూర్చోబెట్టి ఆలోచించమన్నారు. మరో నలుగురిని విడివిడిగా ఆలోచించమని, వారి జాబితాలను ఒకచోట కలిపారు. విడిగా ఆలోచించిన నలుగురి ఆలోచనలే ఎక్కువ తేలాయి, అదీ దాదాపు రెట్టింపు!

ఎందుకిలా జరుగుతుంది? గుంపులో ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు ఆగాలి. ఆగేలోగా తమకు తోచింది మరిచిపోతారు. పెద్దవారు ముందు మాట్లాడితే చిన్నవారు "ఇక మనదేముంది లే" అనుకుంటారు. ఇక మన సమావేశాల సంగతి వేరే చెప్పాలా? వయసు, హోదా, అనుభవం, ఆయనగారి కంపెనీ అన్నీ ముందుకు వచ్చి కూర్చుంటాయి. ఈ అనుభవం చూసే 1971లో డెల్‌బెక్, వాన్ డి వెన్ అనే ఇద్దరు ఒక సవరణ చెప్పారు. ముందు ఎవరికి వారు మౌనంగా రాసుకోవాలి. తరువాత వరుసగా ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చదవాలి. అన్నీ బల్లమీదికి వచ్చాకే చర్చ. చివరకు ఓటు. ఖర్చు ఒక కాగితం, ఒక పెన్సిలు.

జపాను ఉపాధ్యాయులు నూరేళ్ళకు పైగా పాటిస్తున్న మరో పద్ధతిని పాఠ పరిశీలన అనవచ్చు. కొందరు టీచర్లు కలిసి ఒకే ఒక్క పాఠాన్ని తయారు చేస్తారు. ఒకరు చెబుతారు. మిగిలినవారు గది అంచున నిలబడి పిల్లలను చూస్తారు. టీచరును చూడరు, పిల్లలను చూస్తారు. తరువాత అందరూ కూర్చుని, పాఠం ఎక్కడ పిల్లల చేయి జారిందో మాట్లాడుకుంటారు. పాఠం అందరిదీ కనుక తప్పు ఏ ఒక్కరి నెత్తినా పడదు. మొదటి లెక్కలో ఏ అంకెలు వేయాలన్న దానిమీదే వారు చాలాసేపు తర్కించుకుంటారు. ఇది చాదస్తం కాదు. 52లోనుంచి 27 తీసివేయమంటే కొందరు పిల్లలు 35 అంటారు. 2లోనుంచి 7 పోదు గనుక, 7లోనుంచి 2 తీసేస్తారు. అదే 58లోనుంచి 27 ఇస్తే అందరూ 31 అంటారు, టీచరు సంతోషిస్తుంది, తప్పు మాత్రం లోపల దాక్కుంటుంది. ఏ అంకె వేస్తే తప్పు బయటపడుతుందో ముందుగా ఆలోచించి పెట్టుకోవడమే సగం బోధన.

ఇక మన ఆరుగురు సోదరీమణుల సంగతికి వద్దాం. వారికి నా సూచన ఇది. నెలకు ఒక శుక్రవారం, తరగతులు అయ్యాక ఒక గంట కూర్చోండి. ఒకే ప్రశ్న పెట్టుకోండి. "పిల్లలకు తెలుగు ఎలా నేర్పాలి?" వంటి సముద్రమంత ప్రశ్న వద్దు. "పిల్లలు 'ఆస్తి' అన్న మాటను 'ఆసిత' అని ఎందుకు చదువుతున్నారు?" వంటి చెంబెడు ప్రశ్న చాలు. అయిదు నిమిషాలు ఎవరి కాగితం మీద వారు రాయండి. వరుసగా చదవండి. మీలో ఒకరికి తట్టవచ్చు: ఈ పిల్లలు బడిలో హిందీ నేర్చుకుంటున్నారు. అక్కడ ముందు సగం అక్షరం, తరువాత నిండు అక్షరం వస్తాయి. మన లిపిలో 'స'కు గుడి ఇచ్చి, కింద 'త' ఒత్తు వేస్తాం, కాని గుడి పలికేది 'త' తరువాత. పిల్లవాడు కళ్ళకు కనిపించినది కనిపించినట్టే చదివాడు, పాపం! అది బద్ధకమూ కాదు, మొద్దుతనమూ కాదు. ఈ సంగతి తెలిశాక ఒత్తుల పాఠం మారుతుంది. ముందు 'అక్క', 'అమ్మ', 'పువ్వు' వంటి మాటలతో ఒత్తు కుదిరాక, 'ఆస్తి', 'మిత్రుడు' వంటివాటిని చెవితో పలికించి, తరువాతే కంటికి చూపించవచ్చు. వచ్చే వారం ఒకరు ఆ పాఠం చెప్పండి, ఇద్దరు పిల్లలను గమనించండి. జరిగినది ఒక నోటుబుక్కులో అరపేజీ రాయండి. ఏమనుకున్నాం, ఏం చేశాం, ఏమయింది. అంతే.

"మాకు తీరిక ఏదండీ?" అని మీరు అనవచ్చు. నిజమే. కాని కొత్తవారు వచ్చినప్పుడల్లా తరగతిని మొదటికి తెచ్చుకోవడంలో పోయే తీరిక ఎంతో లెక్క వేయండి. "పక్కవారు నా తరగతిలో కూర్చుంటే నాకు బెరుకు" అని కూడా అనవచ్చు. అందుకే పాఠం ఆరుగురిదీ కావాలంటున్నాను. చెప్పే గొంతు మాత్రమే ఒకరిది.

ఈ నేల మీద సబ్లా అనే ఆచారం ఉంది. ఊరివాళ్ళు ఒకచోట నేలమీద వరుసగా కూర్చుని, కహ్వా తాగుతూ ఊరి వ్యవహారాలు మాట్లాడుకుంటారు. మన రచ్చబండకు అన్నదమ్ముడి వంటిది. ఇటువంటి మజ్లిస్ సంప్రదాయాన్ని 2015లో యునెస్కో, ఒమాన్‌తో పాటు మరి మూడు గల్ఫు దేశాల పేరిట మానవజాతి వారసత్వంగా గుర్తించింది. పొరుగువారి ఈ మర్యాదను మన తెలుగు తరగతి గుమ్మంలోకి తెచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మనలో ఎవరమూ ఇక్కడ శాశ్వతం కాదు. ఈ ఆరుగురిలో ఎవరు ముందు వెళతారో ఎవరికీ తెలియదు. వెళ్ళేవారు ఆ నోటుబుక్కును మాత్రం పెట్టెలో పెట్టుకోకండి. వచ్చేవారి చేతికివ్వండి. అందులోని మొదటి అరపేజీ తయారయితే ఈ శీర్షికకు ఒక నకలు పంపండి. వచ్చే సంచికలో అందరం కలిసి చదువుకుందాం.