వెయ్యి దాటితేనే పాటా?

నెలకు మూడు సెంట్ల కోసం ఇంత రభస ఎందుకని అడుగుతున్నారు. ఏడాదిలో వెయ్యి సార్లు వినబడని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వబోమని స్పాటిఫై 2024 మొదట్లో నిబంధన పెట్టినప్పటి నుంచి దాన్ని వెనకేసుకొచ్చేవాళ్ళందరి నోటా ఇదే మాట. అలాంటి పాట ఒక్కోటి సగటున సంపాదించేది నెలకు మూడు సెంట్లేనట, అంటే మన డబ్బుల్లో రెండున్నర రూపాయలు. అది ఎలాగూ కళాకారుడి చేతికి చేరదు కాబట్టి, పాటనే నమ్ముకుని బతుకుతున్నవాళ్ళకు మళ్ళిస్తే మంచిదే కదా అంటారు. సంగీతమంటే ప్రాణమని చెప్పుకునేవాళ్ళు సైతం ఈ లెక్కను కళ్ళకద్దుకుంటున్నారు. నా దృష్టిలో ఈ నిబంధన పచ్చి అన్యాయం. దాన్ని నిలబెడుతున్న లెక్క సగం లెక్క.

మిగతా సగం ఎవరూ చెప్పరు. బిల్‌బోర్డ్ చార్టులకు అంకెలందించే ల్యూమినేట్ సంస్థ 2023 సంవత్సరానికి తేల్చిన లెక్క ఇది: స్ట్రీమింగ్ సేవల్లో ఉన్న 18.4 కోట్ల ట్రాకుల్లో 15.86 కోట్లు ఆ ఏడాది మొత్తంలో వెయ్యికి మించి వినబడలేదు. వందకు 86. సరిగ్గా అదే ఏడాది నవంబరులో స్పాటిఫై తన వెయ్యి గీతను ప్రకటించింది. ఎక్కడో మూలన పడున్న నాలుగు పాటల సంగతి అన్నట్టుగా చర్చ నడిచింది గానీ, గీత అవతల పడింది రికార్డయిన సంగీతంలో అత్యధిక భాగం. ఆ 15.86 కోట్లలో అసలు ఒక్కసారి కూడా ఎవరూ వినని ట్రాకులు 4.56 కోట్లున్నాయి, వాటికి ఏ నిబంధన ఉన్నా లేకున్నా ఒకటే. వాటిని పక్కన పెట్టినా, కనీసం ఒక్కసారైనా ఎవరో ఒకరు విన్నవి 11 కోట్ల పైచిలుకు మిగులుతాయి. వినబడిన పాటల్లోనే చూసుకున్నా వందకు 81కి పైగా ఈ గీత కిందే ఉన్నాయి.

ఒక్కో పాటకు మూడు సెంట్లు అన్నప్పుడు చిల్లరలా కనబడేది, కోట్ల పాటల మీద కూడితే చిల్లర కాదు. ఏటా కోట్ల డాలర్లు ఇలా మళ్ళుతాయని స్పాటిఫై తన ప్రకటనలో తానే చెప్పింది. ఆ డబ్బు తాను ఉంచుకోవడం లేదనీ, గీత దాటిన పాటలకు పంచుతున్నాననీ కూడా చెప్పింది. నమ్ముదాం. పంచేది వినికిడిని బట్టి కాబట్టి ఎక్కువ వినబడిన పాటకు ఎక్కువ ముడుతుంది. ఇప్పటికే కోట్ల సార్లు మోగుతున్న పాటల యజమానులకు, అంటే యూనివర్సల్, సోనీ, వార్నర్ లాంటి కంపెనీలకు, మన దగ్గరైతే సినిమా పాటల హక్కులున్న పెద్ద లేబుళ్ళకు ఆ పంపకంలో సింహభాగం. ఒక పాల కేంద్రం ఏడాదికి వెయ్యి లీటర్లు పోయని రైతుల పాలన్నీ తీసుకుని, అమ్మి, ఆ డబ్బును వందల గేదెలున్న ఆసామికి ఇస్తానంటే ఊరు ఊరుకుంటుందా? చిన్న రైతు పాలకు నెలకు వచ్చేదెంత అని ఆసామి తరఫున వాదించడానికి ఎవరైనా ముందుకొస్తారా? పాట విషయంలో మాత్రం వాదిస్తున్నారు, అదీ సంస్కరణ పేరుతో.

కంప్యూటర్‌లో స్పాటిఫై తెరిచి పౌరాణిక నాటక పద్యాల ఆల్బమ్‌లు నాలుగైదు తిరగేయండి. పాట పేరుకు ఎదురుగా అది ఎన్నిసార్లు మోగిందో చూపే వరుస ఉంటుంది. కొత్త సినిమా ఆల్బమ్‌లో అక్కడ కోట్ల అంకెలు కనబడతాయి. ఈ పద్యాల ఆల్బమ్‌లలో అంకె కూడా లేకుండా, వెయ్యి కంటే తక్కువ అన్న గుర్తు పైనుంచి కిందిదాకా అలాగే దిగుతూ పోవడం నేను చాలాసార్లు చూశాను. తొమ్మిది వందలైనా తొమ్మిదైనా అదే గుర్తు. పద్యం ఎత్తుకుని, రాగం తీసి, ప్రేక్షకులు వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడిన గొంతులున్న నేల ఇది. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి, ఈలపాట రఘురామయ్య ఇంటింటి పేర్లు ఒకప్పుడు. వాళ్ళ బాటలో ఇవాళ పాడుతున్నవాళ్ళూ, హరికథలు, బుర్రకథలు, ఒగ్గుకథలు చెబుతున్నవాళ్ళూ తమ రికార్డింగులు తామే ఈ వేదికల మీద పెట్టుకుంటున్నారు. వాళ్ళకు లేబుల్ లేదు, ప్రచారం లేదు. వెతుక్కుని వినే కొద్దిమందే ఉన్నారు.

ఆ కొద్దిమంది వినికిడికి ఈ నిబంధన కట్టే ధర చూడండి. నలభై నిమిషాల హరికథ ఒకటి ఉందనుకుందాం. దాన్ని మనసుపెట్టి వినే అభిమానులు 40 మంది. ఒక్కొక్కరు నెలకు రెండుసార్లు వింటారు. ఏడాదికి 960 సార్లు, మొత్తం 640 గంటల శ్రవణం. దానికి వచ్చేది సున్నా. మరో పక్క ఏదో ప్లేలిస్టులో దూరిన ట్రాక్ ఒకటి, 31 సెకన్లకే జనం దాటేస్తున్నారు. అరనిమిషం దాటితే ఒక వినికిడి కింద లెక్క కాబట్టి అలాంటివి వెయ్యి చేరితే చాలు, అర్హత వచ్చేసినట్టే. మొత్తం కలిపినా తొమ్మిది గంటలు నిండని శ్రవణమది. తొమ్మిది గంటలకు డబ్బు, 640 గంటలకు సున్నా! ఇదేం కొలత? పోనీ ఆ 40 మందీ మరికాస్త పట్టుబట్టి వెయ్యి దాటించారనుకుందాం. అప్పుడూ హామీ లేదు. వేర్వేరు శ్రోతలు కనీసం ఇంతమంది ఉండాలన్న షరతు మరొకటి ఉంది. ఆ సంఖ్య ఎంతో కంపెనీ బయటికి చెప్పదు.

ఆ 40 మందిలో చందా కట్టేవాళ్ళుంటే వాళ్ళ డబ్బు ఏమవుతున్నట్టు? నేను నెలంతా హరికథలే విన్నా నా చందాలో రాయల్టీ కింద పోయే భాగం హరిదాసుకు పోదు. అందరి డబ్బూ ఒకే కుప్పలో పడి, దేశంలో ఎక్కువగా మోగిన పాటలను బట్టి చీలుతుంది. ఈ పద్ధతి వెయ్యి గీతకు ముందు నుంచీ ఉన్నదే. అప్పుడు కనీసం ఆ కుప్పలో హరిదాసుకు పిసరంత వాటా ఉండేది. ఎవరు విన్నదానికి వాళ్ళ చందా పంచే పద్ధతిని సౌండ్‌క్లౌడ్ 2021లోనే మొదలుపెట్టింది. సాంకేతికంగా సాధ్యం కాదనే సాకు అప్పుడే పోయింది.

అవతలి వాదనల్లో పస ఉన్నది ఒకటే. పాటలను వేదికలకు చేర్చే పంపిణీ సంస్థలు కనీసం ఇన్ని డాలర్లు జమ అయితే తప్ప డబ్బు విడుదల చేయవు, బ్యాంకు రుసుములు వేరే, కాబట్టి ఈ పైసలు మధ్యలోనే ఇరుక్కుపోతున్నాయన్నది నిజం. ఇరుక్కున్న డబ్బు ఎవరిదో వాళ్ళ పేరున ఉంచి, రెండేళ్ళకో మూడేళ్ళకో పోగయ్యాక ఇవ్వాలి. చేరవేయడం కష్టంగా ఉందని సొమ్మును పక్కింటివాడి ఖాతాలో వేయడం ఏ పద్దుపుస్తకంలోనూ చెల్లదు.

చెత్తను ఏరేయడానికే గీత పెట్టామన్న వాదనలో ఆ పసా లేదు. వాన చప్పుడు ట్రాకులు, యంత్రం రాసిన పాటలు, నకళ్ళు ఆ 86లో చాలానే ఉన్నాయి, కాదనను. చెత్తను చెత్తగానే ఏరవచ్చు కదా. పన్నెండు నెలల్లో 7.5 కోట్ల నకిలీ ట్రాకులను తొలగించామని 2025 సెప్టెంబరులో స్పాటిఫైయే చెప్పుకుంది. అంత ఏరగలిగిన సంస్థకు హరికథనూ నకిలీ ట్రాకునూ ఒకే గాటన కట్టేసే గీతతో పనేమిటి? పైగా ఈ గీత చెత్తను ఆపనూ లేదు. 2025 వేసవిలో వెల్వెట్ సన్‌డౌన్ అనే బ్యాండు నెలకు పది లక్షల మంది శ్రోతలను దాటాక, అది కృత్రిమ మేధతో కట్టిన బ్యాండని బయటపడింది. దాని పాటలు వెయ్యి గీతను అలవోకగా దాటేశాయి. అమెరికాలో ఉత్తర కరోలినా వాసి ఒకరు యంత్రంతో పాటలు పుట్టించి, వాటిని యంత్రాల చేతే వినిపించి కోటి డాలర్లకు పైగా రాయల్టీ కొట్టేశారని 2024లో అక్కడి ప్రాసిక్యూటర్లు అభియోగం మోపారు. రోజుకు 6.6 లక్షల దొంగ వినికిళ్ళట. బాట్‌కు అలుపు లేదు, వెయ్యి అయినా పదివేలు అయినా తిప్పుతుంది. వెయ్యి దగ్గర ఆగిపోయేది, నిజంగా 40 మంది మనుషులు విన్న పాటే.

మన అనుభవంలో ఇంతకంటే మేలైన పద్ధతి ఉంది, దాని ఊసే ఎవరూ ఎత్తడం లేదు. ఆకాశవాణి ఆడిషన్‌లో నెగ్గిన కళాకారుడికి గ్రేడు ఇస్తుంది, గ్రేడును బట్టి పారితోషికం ఇస్తుంది. ఆ ఉదయం రేడియో ముందు ఎంతమంది కూర్చున్నారన్నది చెక్కు మీద రాయరు. పారితోషికాలు చాలవని, పెంచాలని కళాకారులు చేసే ఫిర్యాదు న్యాయమైనదే. కానీ కొత్తగూడెం కేంద్రంలో పాడినా, కడప కేంద్రంలో పాడినా, పాడినందుకు డబ్బు ఇవ్వాలన్న సూత్రం దగ్గర తేడా రాలేదు. లలిత సంగీతం, జానపదం, హరికథ ఇన్ని దశాబ్దాలు వినబడ్డాయంటే ఆ సూత్రం చలవే.

చట్టం వైపు చూడండి. 2012లో పార్లమెంటు కాపీరైట్ చట్టాన్ని సవరించి, పాటల రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో లేబుల్‌తో సమాన వాటా ఇచ్చింది, దాన్ని వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించుకున్నా చెల్లదని రాసింది. గాయకులకూ తమ గానం వాణిజ్యపరంగా వాడితే రాయల్టీ హక్కు కల్పించింది. స్పాటిఫై నిబంధన ఈ సెక్షన్లను ఉల్లంఘించిందని నేను అనడం లేదు, అది తాకుతున్నది రికార్డింగ్ యజమానికి వెళ్ళే వాటాను. అయితే తన పాటను తానే రికార్డు చేసి పెట్టుకున్న జానపద కళాకారిణి విషయంలో యజమానీ, గాయనీ, తరచుగా రచయితా ఆమే. సృజనను వాడుకుంటే సృజించినవారికి వాటా ఇవ్వాలన్న సూత్రం మీద ఆ సవరణ నిలబడింది. ముందు వెయ్యి సార్లు వాడుకోవాలి, ఆ తర్వాతే హక్కు అన్న మాట అందులో ఎక్కడా లేదు.

ఇది వెయ్యి దగ్గరే ఆగుతుందని అనుకునేవాళ్ళు యూట్యూబ్ చరిత్ర గుర్తుచేసుకోవాలి. 2017 ఏప్రిల్‌లో ప్రకటనల ఆదాయం కావాలంటే ఛానల్‌కు పదివేల వీక్షణలు ఉండాలన్నారు. ఏడాది తిరగకుండానే, 2018 జనవరిలో, వెయ్యి మంది చందాదారులు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ అన్నారు. ఆ గీత దాటని చిన్న ఛానళ్ళ వీడియోల మీద కూడా ప్రకటనలు వేసుకుంటాం, వాటా మాత్రం ఇవ్వం అన్న షరతు 2020 నవంబరులో వచ్చింది. మెట్టు మెట్టుగా సాగిన వ్యవహారమిది. ప్రతి మెట్టు దగ్గరా, చిన్నవాళ్ళు పోగొట్టుకునేది ఎంతని, పట్టుమని పది డాలర్లా అని అడిగినవాళ్ళున్నారు. వెయ్యి అనే అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒక కంపెనీ పెద్ద లేబుళ్ళతో మాట్లాడుకుని పెట్టుకున్న అంకె అది. దాన్ని రేపు ఐదు వేలు చేయాలనుకుంటే మన హరిదాసును అడగరు.

వందకు 86 పాటలకు జీతం లేని కొలువు వేసి, దాన్ని కళాకారుల సంక్షేమం అని పిలిచేవాళ్ళను నేను అడుగుతున్నాను: ఆ 86లో మీరు విన్నవి ఎన్ని? ఆ పాటలు ఆ యాప్‌లో ఉండటం వల్లే కదా, ప్రపంచంలోని సంగీతమంతా మీ జేబులో ఉంది అని స్పాటిఫై చందాలు అమ్ముకోగలుగుతోంది! పది కోట్ల ట్రాకులున్నాయని ఊదరగొట్టేటప్పుడు హరికథ లెక్కలోకి వస్తుంది. డబ్బు పంచేటప్పుడు అదే హరికథ చెత్త అయిపోతుంది. కాపీరైట్ వ్యవహారాలు చూసే కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక విభాగం ఇన్నాళ్ళూ ఈ సంగతి పట్టనట్టే ఉంది. తెలుగు ట్రాకుల్లో ఎన్ని ఈ గీత కింద ఉన్నాయి, వాటి మీద ఏటా ఎంత సొమ్ము నిలిపేశారు, ఆ సొమ్ము ఏ హక్కుదారులకు చేరింది అన్న మూడు అంకెలనూ భాషలవారీగా ప్రతి స్ట్రీమింగ్ సంస్థా ఏటా బయటపెట్టాలని ఆదేశించే నిబంధన తేవాలి. గీతను ఎత్తేసేదాకా నిలిపేసిన సొమ్మును కళాకారుల పేరునే జమ చేయించాలి. చందా కడుతున్నది మనం, పాడినది మనవాళ్ళు. ఆ పద్దు చూపించమని అడిగే హక్కు మనకుంది, దాన్ని వ్యాపార రహస్యం పేరుతో తొక్కిపట్టే హక్కు వాళ్ళకు లేదు.