బధిరుల విశ్వవిద్యాలయం: గేటు తాళం ఎవరి చేతిలో?

ఏటా సెప్టెంబరు 23న అంతర్జాతీయ సంకేత భాషల దినోత్సవం వస్తుంది. ఆ రోజు సభలు జరుగుతాయి, వేదిక మీది పెద్దలు రెండు చేతులూ పైకెత్తి ఊపి ఫొటోలు దిగుతారు. మర్నాడు బధిర విద్యార్థి మళ్లీ తన కాలేజీకి వెళ్లి, బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పే లెక్చరర్ వీపు చూస్తూ, పక్కవాళ్ల నోట్సు ఎక్కించుకుంటాడు. భారతీయ సంకేత భాషకు అధికార గుర్తింపు కావాలని, తమకంటూ ఉన్నత విద్యాసంస్థలు కావాలని బధిరులు చాలాకాలంగా అడుగుతున్నారు. ఈ డిమాండ్‌ను దళిత ఉద్యమం తనదిగా ఎందుకు తీసుకోవాలి? తీసుకుంటే అందులో ఏం చేర్చాలి? ఈ ప్రశ్నలతోనే మేం అమెరికాలోని గాలాడెట్ విశ్వవిద్యాలయం చరిత్రను చూస్తున్నాం.

దుబాసీ అక్కర్లేని క్లాసు

వాషింగ్టన్ నగరంలోని ఈ సంస్థకు 1864లో డిగ్రీలిచ్చే అధికారం దక్కింది. ఆ చట్టం మీద సంతకం చేసింది అబ్రహాం లింకన్. అక్కడ పాఠం నేరుగా అమెరికన్ సంకేత భాషలో నడుస్తుంది. ఒకరి చేతులు ఒకరికి కనబడేలా విద్యార్థులు అర్ధచంద్రాకారంలో కూర్చుంటారు. గది తలుపు దగ్గర గంట మోగదు, లైటు వెలుగుతుంది. ఇద్దరు సైగలతో మాట్లాడుకుంటూ పక్కపక్కన నడిచేందుకు వీలుగా దారులు వెడల్పుగా ఉండాలని, మొహాలూ చేతులూ స్పష్టంగా కనబడే వెలుతురు ఉండాలని 'డెఫ్ స్పేస్' పేరుతో అక్కడ ఒక నిర్మాణ పద్ధతినే రూపొందించుకున్నారు. మెస్‌లో వాదన, ప్రేమ, ఎన్నికల ప్రచారం అన్నీ ఆ భాషలోనే. అక్కడ బధిరుడు 'స్పెషల్' కాదు, మామూలు విద్యార్థి.

1880లో మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం బడుల్లో సైగలు మాని నోటిమాటే నేర్పాలని తీర్మానించింది. దాని దెబ్బకు అనేక దేశాల్లో బధిర పిల్లలు తమ భాషను దొంగచాటుగా వాడుకోవాల్సి వచ్చింది. ఎనభై ఏళ్ల తర్వాత, 1960లో, గాలాడెట్ అధ్యాపకుడు విలియం స్టోకో ఆ భాషకు సొంత నిర్మాణం ఉందని, అది పూర్తి స్థాయి భాషేనని చూపే అధ్యయనం ప్రచురించాడు. యాసను, తిండిని, పేరును వెక్కిరింపుగా మార్చుకున్న సమాజం మనది. భాషకు గౌరవం దక్కడమంటే మనిషికి దక్కడమేనని మనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

1988: పాలించేది ఎవరు?

భాష ఉంది, క్యాంపస్ ఉంది. కానీ 124 ఏళ్ల పాటు అధ్యక్ష పీఠం మీద ఒక్క బధిరుడూ కూర్చోలేదు. 1988 మార్చి 6న పాలక మండలి, ఇద్దరు బధిర అభ్యర్థులను కాదని, వినికిడి ఉన్న ఎలిజబెత్ జిన్సర్‌ను ఎంపిక చేసింది. ఆమెకు సంకేత భాష రాదు. విద్యార్థులు క్యాంపస్ గేట్లు మూసేశారు. నాలుగు డిమాండ్లు పెట్టారు: బధిర అధ్యక్షుడు కావాలి, మండలి అధ్యక్షురాలు దిగిపోవాలి, మండలిలో 51 శాతం బధిరులుండాలి, ఉద్యమకారుల మీద కక్ష సాధింపు ఉండకూడదు. వారం తిరిగేసరికి నాలుగూ నెరవేరాయి. ఐ. కింగ్ జోర్డాన్ తొలి బధిర అధ్యక్షుడయ్యాడు.

ఆ నాలుగు డిమాండ్లలో సానుభూతి అడిగినది ఒక్కటీ లేదు. మా కోసం మంచి చేయండి అనలేదు, నిర్ణయం తీసుకునే కుర్చీలో మా వాళ్లుండాలి అన్నారు. ప్రాతినిధ్యం గురించి అంబేడ్కర్ జీవితాంతం చెప్పింది ఇదే.

అదే గేటు బయట నల్ల పిల్లలు

అయితే ఈ కథను ఇక్కడ ఆపితే సగమే చెప్పినట్టు. గాలాడెట్ ఆవరణలోనే కెండాల్ బధిర పాఠశాల ఉంది. 1905 నుంచి ఆ నగరపు నల్లజాతి బధిర పిల్లలను అందులో ఉంచకుండా పక్క రాష్ట్రమైన మేరీలాండ్‌కు పంపారు. లూయిస్ మిల్లర్ అనే తల్లి కోర్టుకెక్కి 1952లో గెలిచింది. అప్పుడేం చేశారు? పిల్లలను చేర్చుకున్నారు గానీ, అదే క్యాంపస్‌లో వేరే బడిలో, విడిగా కూర్చోబెట్టారు. ఊరి బడిలో దళిత పిల్లలను విడిగా కూర్చోబెట్టిన చరిత్ర తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. బడుల్లో వర్ణ విభజన చెల్లదని 1954లో సుప్రీంకోర్టు చెప్పాకే ఆ ఏర్పాటు పోయింది. గాలాడెట్ నుంచి డిగ్రీ అందుకున్న తొలి నల్లజాతి బధిరుడిగా చెప్పుకునే ఆండ్రూ ఫాస్టర్ పట్టా పొందింది కూడా 1954లోనే. ఆ తర్వాత ఆయన ఆఫ్రికాలో బధిర పిల్లలకు ముప్పై దాకా బడులు పెట్టాడు.

విడిగా పెట్టిన బడుల్లో నల్లజాతి బధిరుల సంకేత భాష తనదైన తీరు సంతరించుకుంది. గాలాడెట్ ఆచార్యురాలు కరోలిన్ మెకాస్కిల్, ఆమె సహచరులు దాన్ని గ్రంథస్థం చేసింది 2011లో. వేరు బడిలో చదివిన 24 మంది నల్లజాతి విద్యార్థులకు గాలాడెట్ గౌరవంగా పట్టాలిచ్చింది 2023లో. వారిలో కొందరి తరఫున పిల్లలు, మనుమలు వచ్చి అందుకున్నారు. అణగారిన వాళ్ల సంస్థలోనూ మరింత అణగారిన వాళ్లు గేటు బయటే ఉండగలరు. ఆ గేటు దానంతట అది తెరుచుకోదు.

మన దగ్గర

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు. అదే లెక్కల్లో మొత్తం జనాభాలో వైకల్యం ఉన్నవారు 2.21 శాతమైతే, షెడ్యూల్డ్ కులాల్లో 2.45 శాతం. వైద్యం, పోషణ, పని పరిస్థితులు కులాన్ని బట్టి అందే సమాజంలో ఈ తేడా యాదృచ్ఛికం అనుకోలేం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు కేటాయించమంది. సీటు వస్తుంది, క్లాసులో దుబాసీ రాడు. భాషా పేపర్లలో మినహాయింపు దొరుకుతుంది, భాష దొరకదు.

మలక్‌పేటలోనో తిరుపతిలోనో ఉన్న బధిర పాఠశాల దాకా ఏ పిల్ల రాగలదు? కూలికి పోయే తల్లిదండ్రులున్న దళితవాడ పిల్లకు సైగల భాష ఒకటుందనే కబురే ఆలస్యంగా అందుతుంది. ఊళ్లో ఆమెను పేరు పెట్టి పిలవరు, 'మూగది' అంటారు. కులం పేరుతో ఒకసారి, వైకల్యం పేరుతో మరోసారి. 'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు' అని సామెత చెబుతాం. తప్పు వినలేనివాడిది కాదు, శంఖం తప్ప మరేదీ పట్టుకోవడం నేర్చుకోని వాళ్లది.

2015లో ఢిల్లీలో భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఏర్పడింది. 2020 జాతీయ విద్యా విధానం ఆ భాషను దేశమంతటా ప్రామాణికం చేస్తామంది. 'ప్రామాణికం' అనే మాట దగ్గర మనం ఆగాలి. ఎవరి సైగలు ప్రామాణికం అవుతాయి, ఎవరివి మోటు అవుతాయి? తెలుగు వాచకాల్లో ఏం జరిగిందో మనకు తెలుసు.

అందుకే విశ్వవిద్యాలయం కావాలని అడిగే రోజునే నాలుగు విషయాలు అడగాలంటాం. పాలక మండలిలో బధిరులే ఎక్కువమంది ఉండాలి, వారిలో ఎస్సీ, ఎస్టీ, బీసీలకు వాటా ఉండాలి. అధ్యాపకుల, దుబాసీల శిక్షణలోనూ అదే వాటా అమలు కావాలి. గురుకులాల్లో, అంగన్‌వాడీల్లో చిన్ననాటి నుంచే సంకేత భాష అందాలి. ప్రవేశాల లెక్కలు కులాలవారీగా ఏటా బయటపెట్టాలి. ఇవి తర్వాత చూద్దామంటే ఎన్నేళ్లు పడుతుందో లూయిస్ మిల్లర్ పోరాటమే చెబుతోంది. విద్యార్థి సంఘాలు తమ తర్వాతి సభకు సంకేత భాషా దుబాసీని పిలిచి, బధిర విద్యార్థులను వేదిక మీదికి ఆహ్వానించి ఈ పని మొదలుపెట్టవచ్చు.